సెరెంగెటి: టీవీలో కనిపించని సంగతులు

టాంజానియాలోని సెరెంగెటి అనగానే మారా నదిలోకి దూకే వైల్డ్‌బీస్ట్‌లు, నోళ్లు తెరిచిన మొసళ్లే కళ్లముందు మెదులుతాయి. అక్కణ్నుంచే అపోహలూ మొదలవుతాయి.

అపోహ: వైల్డ్‌బీస్ట్‌ల వార్షిక వలసలో ఎక్కువ ప్రాణాలు తీసేది మొసళ్లే.
వాస్తవం: మారా నదిలో ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు మునిగిపోతాయని 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పన్నెండు, పదమూడు లక్షల మందలో అది నూటికి ఒకటి కూడా కాదు. ఆ కళేబరాల్లో మొసళ్లు తినేది చాలా కొద్ది. మిగతాది రాబందులకు, కొంగలకు, చేపలకు దక్కుతుంది. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి భాస్వరం అందిస్తాయి. మందను అన్నిటికన్నా ఎక్కువగా బలితీసుకునేది ఎండాకాలపు మేత కరువే.

అపోహ: దుమ్ములగొండి సింహాల ఎంగిలి తిని బతుకుతుంది.
వాస్తవం: 1960ల్లో హాన్స్ క్రూక్ అనే పరిశోధకుడు రాత్రిళ్లు వాటి వెంటే తిరిగి చూశాడు. పక్కనున్న న్గోరోన్‌గోరోలో చాలాసార్లు దుమ్ములగొండ్లు వేటాడితే, సింహాలొచ్చి లాక్కున్నాయి. తెల్లారి వచ్చినవాళ్లకు తింటున్న సింహం, చుట్టూ కాచుక్కూర్చున్న దుమ్ములగొండ్లు మాత్రమే కనిపిస్తాయి.

అపోహ: సెరెంగెటి మనిషి ప్రమేయం లేని ఆదిమ ప్రకృతి.
వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఈ అపోహే. అక్కడ పశువులు మేపుకున్న మాసాయి తెగవాళ్లను 1959లో పార్కు నుంచి న్గోరోన్‌గోరో వైపు పంపించారు. ఇవాళ నిర్మానుష్యంగా కనిపించే ఆ మైదానం ఖాళీ చేయించినదే.

జంతువుల సంఖ్య వెనకా పశువుల కథే ఉంది. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను ఊడ్చేసింది. మాసాయిల మందలతోపాటు వైల్డ్‌బీస్ట్‌లూ, అడవి దున్నలూ కుప్పకూలాయి. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు వాటి దూడలు దానికి బలవుతూనే వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ల పశువులకు టీకాలు వేశాకే, 1960ల్లో, అడవి జంతువుల్లో ఆ రోగం కనుమరుగైంది. 1961లో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు 1977కల్లా 13 లక్షలయ్యాయి. అన్ని నోళ్లు మేసేసరికి ఎండుగడ్డి తగ్గింది, కార్చిచ్చులు తగ్గాయి, మొలకలు బతికి చెట్లయ్యాయి. అడవిలో ఒక్క జంతువుకూ సూది వేయకుండానే ఇదంతా జరిగింది.

అలాగే 1994లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతు చనిపోయాయి. ఆ తర్వాత పార్కు చుట్టూ ఉన్న ఊళ్లలో పెంపుడు కుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు.