వీధి పిల్లుల సంఖ్యను తగ్గించేదెలా? తరలింపు కాదు, వరుస క్రమంలో శస్త్రచికిత్సలే మార్గం

పుదుచ్చేరి: చేపల అంగళ్లు, మిద్దెలు, పెంకుటిళ్లు, ఎత్తైన ప్రహరీలు, తాళం వేసి ఉంచిన పాత భవనాలు పక్కపక్కనే ఉన్న ఊరు పిల్లులకు సహజంగానే అనువైన చోటు. పుదుచ్చేరి పట్టణం అటువంటిదే. గూబెర్ మార్కెట్‌లో చేపల వ్యర్థాలు, తీరం వెంబడి వైత్తికుప్పం, కురుసుకుప్పం వంటి మత్స్యకార పేటలు, కాలువకు ఇరువైపులా ఒకదానినొకటి ఆనుకుని ఉన్న ఇళ్లు వీధి పిల్లికి ఆహారాన్ని, ఆశ్రయాన్ని ఒకేచోట సమకూరుస్తాయి. వాటి సంఖ్య పెరిగిన చోట రాత్రివేళ అరుపులు, మేడల మీద దుర్వాసన, కరుస్తాయేమోనన్న భయం ఇరుగుపొరుగు తగాదాలకు దారితీస్తాయి. ఒకరు పాలు పోస్తారు, మరొకరు తరిమికొడతారు. మధ్యలో కళ్లు తెరవని కూనలు సంచుల్లో కట్టలు కట్టలుగా చెత్తకుండీల పాలవుతాయి.

పిల్లులను ప్రేమించాలా, ద్వేషించాలా అన్నది పురపాలక సంఘాలు తేల్చవలసిన విషయం కాదు. హింసకు తావులేకుండా, ప్రజారోగ్యానికి ముప్పు రాకుండా వాటి సంఖ్యను అదుపులో ఉంచడం సాధ్యమేనా అన్నదే వాటి ముందున్న ప్రశ్న. సాధ్యమేనని వివిధ దేశాల అనుభవం చెబుతోంది. అయితే అందుకు కొన్ని షరతులు ఉన్నాయి.

సంఖ్య ఎలా పెరుగుతుంది?

ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే గర్భం దాల్చగలదు. గర్భధారణ కాలం సుమారు 63 నుంచి 65 రోజులు. ఒక ఈతలో సగటున నాలుగు కూనలు పుడతాయి. పాలిస్తున్న తల్లి సైతం మళ్లీ చూలు కట్టగలదు. పిల్లుల సంతానోత్పత్తి పగటి వెలుతురు వ్యవధిపై ఆధారపడి ఉంటుంది. శీతల దేశాల్లో చలికాలంలో వాటికి విరామం దొరుకుతుంది. పగటి నిడివిలో పెద్ద తేడా లేని దక్షిణ భారత తీరంలో అటువంటి విరామం దాదాపుగా ఉండదు.

అయినప్పటికీ పుట్టిన కూనలన్నీ బతకవు. ఆరు నెలలు నిండకముందే వీధి కూనల్లో సుమారు మూడొంతులు మరణించడమో, కనిపించకుండా పోవడమో జరిగిందని అమెరికాలో 2004లో వెలువడిన ఒక అధ్యయనం నమోదు చేసింది. వ్యాధులు, వాహనాలు, కుక్కలు ఇందుకు ప్రధాన కారణాలు. అంటే నియంత్రణ లేకపోతే పిల్లులు సుఖంగా ఉంటాయనుకోవడం భ్రమ. పుట్టుకలు ఎక్కువ, చావులూ ఎక్కువ. ఈ చక్రాన్ని పుట్టుక దగ్గర ఆపడమే మానవీయ నియంత్రణలోని మూలసూత్రం.

తరలిస్తే తీరుతుందా?

ఫిర్యాదు రాగానే తట్టే మొదటి ఆలోచన పిల్లులను సంచిలో వేసి ఊరి చివర వదిలిరావడం. ఇది రెండు విధాలుగా విఫలమవుతుంది. పిల్లి తన నివాస ప్రాంతానికి గట్టిగా కట్టుబడి ఉండే జంతువు. కొత్తచోట నీరు, ఆహారం, దాక్కునే మూలలు తెలియక అనేకం చనిపోతాయి, కొన్ని తిరిగి రావడానికి ప్రయత్నిస్తాయి. ఇక అవి ఖాళీ చేసిన వీధిలో ఆహారం మాత్రం అలాగే ఉంటుంది. పక్క వీధుల్లోని శస్త్రచికిత్స జరగని పిల్లులు ఆ ఖాళీలోకి వచ్చి చేరతాయి.

చంపడం వల్లనూ ఇదే పర్యవసానం ఎదురుకావచ్చు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అడపాదడపా పిల్లులను ఏరివేసిన ప్రదేశాల్లో వాటి సంఖ్య తగ్గకపోగా పెరిగినట్లు 2015లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. ఆధిపత్యం వహించే పెద్ద పిల్లులు తొలగిపోగానే కొత్తవి లోపలికి రావడమే ఇందుకు కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. చుట్టూ సముద్రం ఉన్న చిన్న ద్వీపంలో నిర్మూలన సాధ్యం కావచ్చు. నాలుగు వైపులా జనావాసాలున్న పట్టణంలో అది కుదరదు.

పట్టడం నుంచి తిరిగి వదలడం వరకు

ప్రపంచవ్యాప్తంగా ఆచరణలో ఉన్న మానవీయ పద్ధతిలో నాలుగు దశలు ఉన్నాయి. పిల్లిని బోనులో పట్టడం, శస్త్రచికిత్స చేయడం, టీకా వేయడం, పట్టిన చోటే తిరిగి వదలడం.

ముందుగా ప్రతి వీధిలో పిల్లులను లెక్కించి, రంగు, మచ్చల ఆధారంగా జాబితా తయారుచేస్తారు. కొన్ని రోజులపాటు నిర్ణీత వేళకు ఒకేచోట ఆహారం పెట్టి అలవాటు చేస్తారు. పట్టే రోజుకు ముందు ఆహారం ఆపి, ఎర ఉంచిన బోనులు అమరుస్తారు. పిల్లి లోపలికి వెళ్లగానే బోనుపై మందపాటి గుడ్డ కప్పుతారు. చీకటిలో దాని బెదురు తగ్గుతుంది. వలలు విసరడం, చేతులతో పట్టడం పిల్లికీ మనిషికీ ప్రమాదకరం.

శస్త్రచికిత్సలో ఆడపిల్లికి అండాశయాలను, సాధారణంగా గర్భసంచిని కూడా, మగపిల్లికి వృషణాలను తొలగిస్తారు. రెండు నెలలు నిండి, సుమారు కిలో బరువున్న కూనలకు కూడా ఈ చికిత్స చేయవచ్చు. పాలిచ్చే తల్లికి పక్కటెముకల కింది భాగంలో కోత పెడితే పాలపొదుగుకు ఇబ్బంది ఉండదు. వదిలిన తర్వాత గాయాన్ని దూరం నుంచే గమనించవచ్చు. మత్తులో ఉండగానే ర్యాబిస్ టీకా వేసి, ఒక చెవి కొనను స్వల్పంగా కత్తిరిస్తారు. చాలా దేశాల్లో ఇందుకు ఎడమ చెవిని ఎంచుకుంటారు. ఆ గుర్తు ఉన్న పిల్లిని రెండోసారి పట్టి, మత్తిచ్చి, కోసే పొరపాటు జరగదు. మగపిల్లులను మర్నాడు, ఆడపిల్లులను ఒకటి రెండు రోజుల పరిశీలన తర్వాత స్వస్థలంలో వదులుతారు.

శస్త్రచికిత్స ఫలితం సంఖ్యలో కనిపించడానికి సమయం పడుతుంది గానీ ప్రవర్తనలో త్వరగానే కనిపిస్తుంది. జత కోసం అరుపులు, మగపిల్లుల పోట్లాటలు, గోడలపై ఘాటైన మూత్రం చిమ్మడం తగ్గుతాయి. ఫిర్యాదుల్లో అధిక భాగం వీటి గురించే.

ఎన్నింటికి చేస్తే ఫలితం?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ప్రయోగాల్లో ఇజ్రాయెల్‌లోని రిషోన్ లెజియోన్ నగరానిది ముఖ్యమైనది. పన్నెండేళ్ల పరిశీలన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. తొలి దశలో ఎటువంటి చర్యా తీసుకోలేదు. రెండో దశలో నగరంలోని సగం ప్రాంతాల్లోనే శస్త్రచికిత్సలు చేశారు. మూడో దశలో నగరమంతటికీ విస్తరించారు. సగం ప్రాంతాలకు పరిమితమైనప్పుడు సంఖ్య తగ్గలేదు. చికిత్స జరగని పొరుగు ప్రాంతాల నుంచి పిల్లులు వచ్చి చేరాయి. నగరమంతటా 70 శాతానికి పైగా పిల్లులకు చికిత్స జరిగినప్పుడు మాత్రమే సంఖ్య ఏటా సుమారు 7 శాతం చొప్పున తగ్గింది. పిల్లుల రద్దీ తగ్గడంతో మిగిలిన కూనలు బతికే అవకాశం పెరిగిందని కూడా ఆ అధ్యయనం గమనించింది. పని మధ్యలో ఆపితే లాభం ఆవిరవుతుందని దీని భావం.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని తెలుగువారి నానుడి. ఒక ఇంట్లో, ఒక అపార్ట్‌మెంట్‌లో, ఒక దాత ఉత్సాహంతో నాలుగు చికిత్సలు చేయించడం ఆ నాలుగు పిల్లులకు మేలు చేస్తుందే తప్ప ఊరి లెక్కను మార్చదు. ఏడిళ్లనూ కలిపి చూడాలి.

దత్తత ఈ కృషికి తోడ్పడుతుంది. అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో శస్త్రచికిత్సలతో పాటు మచ్చికైన పిల్లులను ఇళ్లకు దత్తత ఇచ్చారు. 1996లో 68గా ఉన్న పిల్లులు 2002 నాటికి 23కు తగ్గాయి. కార్యక్రమంలోకి వచ్చిన మొత్తం 155 పిల్లుల్లో దాదాపు సగం ఇళ్లకు చేరాయి. అయితే మనిషితో మచ్చిక ఏర్పడే వయసు చాలా చిన్నది. రెండు నెలలలోపు కూనలు సులభంగా ఇంటికి అలవాటుపడతాయి. వీధిలోనే పెరిగిన పెద్ద పిల్లిని గదిలో బంధించడం దానికి మేలు కాదు.

చట్టం ఏమి చెబుతోంది?

జంతువులను అనవసరంగా హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. విషం పెట్టడం, చంపడం, అంగవైకల్యం కలిగించడం భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్షకు దారితీయవచ్చు. 2001 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనల పేరులోనే కుక్కల ప్రస్తావన ఉండేది. వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన నిబంధనల పేరులో ఆ మాట లేదు. అయినా ఆచరణ వివరాల్లో ఎక్కువ భాగం కుక్కల గురించే. సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన ఆదేశాలు కూడా వీధికుక్కలకు సంబంధించినవే. ఫలితంగా పిల్లుల విషయంలో చొరవ స్థానిక సంస్థల ఇష్టానికి మిగిలిపోతోంది. ముంబయి నగరపాలక సంస్థ 2019లో వీధి పిల్లులకు శస్త్రచికిత్సలు ఆరంభించింది.

ఇటలీ ఈ సందిగ్ధతను చట్టంతోనే తొలగించింది. 1991లో చేసిన 281వ నంబరు చట్టం స్వేచ్ఛగా తిరిగే పిల్లులకు రక్షణ కల్పించి, శస్త్రచికిత్స చేసి స్వస్థలంలోనే వదలాలని నిర్దేశించింది. రోమ్‌లోని లార్గో అర్జెంటీనా శిథిలాల మధ్య నివసించే పిల్లులు సందర్శకులకు సుపరిచితమే. వారసత్వ కట్టడాలనూ పిల్లులనూ ఒకేచోట నిర్వహించుకోవడం సాధ్యమేనని ఆ ఉదాహరణ సూచిస్తోంది. ఫ్రెంచి కాలపు వీధులను కాపాడుకుంటున్న పుదుచ్చేరికి ఇది గమనార్హం.

ఆహారం, చెత్త, పెంపుడు పిల్లులు

శస్త్రచికిత్స ఒక్కటే చాలదు. బహిరంగంగా పడేసే చేపల వ్యర్థాలు తగ్గకపోతే బయటి పిల్లుల రాక ఆగదు. మూతలున్న తొట్లు, మార్కెట్ ముగిసిన వెంటనే వ్యర్థాల తరలింపు ఇందుకు అవసరం. ఆహారం పెట్టేవారిని శత్రువులుగా చూడడం తగదు. ఏ పిల్లి కొత్తది, ఏది చూలుతో ఉంది అన్నది వారికే ముందుగా తెలుస్తుంది. నిర్ణీత స్థలం, నిర్ణీత వేళ, మిగిలిన ఆహారాన్ని ఎత్తివేయడం అనే మూడు నియమాలు పాటిస్తే వారే ఈ కార్యక్రమానికి కళ్లు, చెవులు.

పెంపుడు పిల్లులు మరో మూలం. శస్త్రచికిత్స లేకుండా బయట తిరిగే పెంపుడు పిల్లి, ఇల్లు మారేటప్పుడు వదిలేసిన పిల్లి వీధి సంతతికే చేరతాయి. సింగపూర్ ప్రభుత్వ గృహసముదాయాల్లో పిల్లులపై 1989 నుంచి ఉన్న నిషేధాన్ని 2024 సెప్టెంబరులో ఎత్తివేసి, వాటి స్థానంలో లైసెన్సును, మైక్రోచిప్‌ను తప్పనిసరి చేసింది. దాచి పెంచే పిల్లికి లెక్క ఉండదు. నమోదైన పిల్లికి బాధ్యుడు ఉంటాడు.

ఆరోగ్య జాగ్రత్తలు

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా తేలికగా తీసుకోరాదు. దేశంలో ర్యాబిస్ ప్రధానంగా కుక్కల ద్వారా వ్యాపిస్తున్నప్పటికీ, వ్యాధి సోకిన పిల్లి నుంచి కూడా అది రావచ్చు. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వైద్యుణ్ణి సంప్రదించి టీకా తీసుకోవాలి. పిల్లి మలం ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా గర్భిణులకు ప్రమాదకరం. విసర్జన తర్వాత ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఇసుక పళ్లేన్ని ఏరోజుకారోజు, గర్భిణులు కాని వ్యక్తులు శుభ్రం చేయడం మేలు. సరిగా ఉడకని మాంసం కూడా ఈ వ్యాధికి ముఖ్య కారణమన్నది మరువరాదు.

ఈ పద్ధతిపై విమర్శలూ ఉన్నాయి. తిరిగి వదిలిన పిల్లి పక్షులను, తొండలను వేటాడడం మానదన్నది పర్యావరణవేత్తల అభ్యంతరం. అది నిజమే. అందుకే చిత్తడి నేలలు, పక్షులు గూళ్లు కట్టే చోట్ల దగ్గర పిల్లులకు ఆహార స్థలాలు ఏర్పాటు చేయకూడదు. అటువంటి చోట్ల దత్తతకు, ఆశ్రయాలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

పుదుచ్చేరికి అన్వయిస్తే

ఈ పట్టణానికి కొన్ని అనుకూలతలు ఉన్నాయి. ఒకవైపు సముద్రం ఉండడం వల్ల పిల్లుల రాకకు ఒక దిశ మూసుకుపోయింది. తీరం నుంచి మొదలుపెట్టి, మార్కెట్‌ను దాటి, పశ్చిమానికి వీధి వెంట వీధిగా విస్తరిస్తే మధ్యలో ఖాళీలు మిగలవు. కురుంబాపేటలోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ కూతవేటు దూరంలోనే ఉంది. శిక్షణ పొందుతున్న పశువైద్యులకు పర్యవేక్షణలో అనుభవం, పట్టణానికి శస్త్రచికిత్సలు ఏకకాలంలో సమకూరే ఏర్పాటు ఆలోచించదగినది.

కాలం ఎంపిక కూడా ముఖ్యమే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవన వర్షాల్లో పట్టడం, గాయాలు పొడిగా ఉంచడం కష్టం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. రేవుల్లో చేపల వ్యర్థాలు తగ్గే ఆ కాలంలో ఎర ఉంచిన బోనులకు పిల్లులు సులభంగా వచ్చే అవకాశం ఉంది. ఎండ తీవ్రత దృష్ట్యా బోనులను రాత్రి, వేకువ వేళల్లోనే అమర్చవలసి ఉంటుంది.

పట్టణ పరిధి పుదుచ్చేరి, ఉళవర్‌కరై పురపాలక సంఘాల మధ్య విడిపోయి ఉంది. హద్దులు అధికారులకే గాని పిల్లులకు ఉండవు కనుక రెండూ ఒకే ప్రణాళికతో కదలవలసి ఉంటుంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన, తెలుగువారి యానాం వంటి చిన్న పట్టణాలకు ఈ పని మరింత సులువు. విస్తీర్ణం తక్కువ కావడంతో 70 శాతం లక్ష్యం త్వరగా చేరువవుతుంది.

పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న పాత ప్రశ్న ఇక్కడ చెవి కొనకు మారింది. విజయాన్ని ఎన్ని శస్త్రచికిత్సలు చేశామన్న అంకెతో కొలవరాదు. ఒక వీధిలో చెవి గుర్తు ఉన్న పిల్లులు నూటికి ఎన్ని, ఈ ఆరు నెలల్లో కొత్త కూనలు ఎన్ని కనిపించాయి అన్న రెండు లెక్కలను ఏటా రెండుసార్లు రాసి ఉంచాలి. మొదటి అంకె 70 దాటి, రెండోది సున్నాకు దగ్గరైన వీధిలో చెత్తకుండీ పక్కన కూనల సంచి కనిపించదు.