మునిగిన పడవకు గాలే గండం

నకిరేకల్ నుంచి సూర్యాపేట పోతుంటే కేతేపల్లి దాటాక మూసీ ప్రాజెక్టు వస్తుంది. 1963లో పూర్తయిన ఈ జలాశయం పూర్తి మట్టం 645 అడుగులు, నిల్వ 4.46 టీఎంసీలు. ఇలాంటి నీళ్లలో బతుకు వెతుక్కునేవాళ్లకు పుట్టి అయినా, చిన్న ఫైబర్ పడవ అయినా ఇంట్లో ఎద్దుల జత ఉన్నంత ఆస్తి. ఈదురుగాలికో, గేట్లు ఎత్తిన రోజు వరద ఉరవడికో అది మునిగిందంటే ఒకటే తొందర: ఎట్లాగైనా బయటికి లాగాలి, ఎండబెట్టాలి, ఇంజను స్టార్టు చేసి చూడాలి. పడవ పాడయ్యేది చాలావరకు ఈ తొందరలోనే.

ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా కావాలి. మామూలు వేడిలో లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు. లీటరు గాలిలో అది దాదాపు 270. పైగా నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే అడుగు బురదలో వారం పడి ఉన్న ఇంజను లోపలి భాగాలు ఒక్కోసారి మెరుస్తూనే కనిపిస్తాయి. గట్టు మీద పెట్టి ఇంటికెళ్లి అన్నం తిని వచ్చేసరికి ఎర్రబారతాయి. పల్చటి నీటిపొర, దాని చుట్టూ కావలసినంత గాలి: తుప్పుకు ఇంతకు మించిన వసతి లేదు.

కాబట్టి పడవ పైకి తీసే ముందే మెకానిక్కు కబురు వెళ్లాలి. అతను రేపు గానీ రాలేనంటే, విప్పిన మోటారును డ్రమ్ములో మంచినీళ్లు పోసి మళ్లీ ముంచి ఉంచడమే మేలు. వినడానికి వింతగా ఉన్నా ఔట్‌బోర్డ్ మోటార్లు బాగుచేసేవాళ్లు పాటించే పద్ధతి ఇదే.

నీటి అడుగున కూడా ఆగని నష్టం ఒకటుంది. బ్యాటరీ కలిపి ఉంటే కరెంటు నీళ్ల గుండా పారి, పాజిటివ్ వైపు రాగి తీగల్ని తినేస్తుంది. కాబట్టి చెయ్యి అందగానే ముందు దాని వైర్లు తీసెయ్యాలి.

ఇక లాగడం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ట పడవను కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. అప్పటికి పడవ శిథిలమైపోయింది. అంత లోతు, అంత సుడి మన చెరువుల్లో ఉండవు గానీ సూత్రాలు అవే. బురదలో కూరుకున్న అడుగుభాగాన్ని నిటారుగా లాగితే కిందికి నీరు చేరే దారి లేక బురద పట్టు వదలదు. అటూ ఇటూ ఊపితే సందులో నీరు దూరి పట్టు సడలుతుంది. ఇంకొకటి, నీటిలో తేలిగ్గా కదిలిన పడవ అంచు పైకి రాగానే బండరాయి అవుతుంది. లోపల రెండు ఘనమీటర్ల నీళ్లుంటే అదే రెండు టన్నులు. అంచు నీటి మట్టానికి రాగానే ఆపి, తోడి, తర్వాతే ఎత్తాలి. లేకపోతే చిల్లి లేని పడవ కూడా గట్టు మీదే విరుగుతుంది.

ఒండ్రు ఆరకముందే కడిగెయ్యాలి, ఆరితే వదలదు. ప్రెషర్ పంపు కొడితే ఇసుక బేరింగుల్లోకి దూరుతుంది, మెల్లగా పారే నీళ్లే మంచివి. మూసీ హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే ఏరు కాబట్టి చేతికి గాయం ఉన్నవాళ్లు ఈ పనికి దిగకపోవడం మంచిది. కడగడానికి బోరు నీళ్లా? నల్లగొండ జిల్లా బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడుతో పాటు ఇతర లవణాలూ ఎక్కువే. బోరు నీటితో కడిగినా, చివరి తడుపు వాననీటితోనో ఆర్వో నీటితోనో అయితే ఉప్పుపొర మిగలదు.

ఇంజను దగ్గర ఒకటే కట్టడి: స్టార్టు తాడు గుంజొద్దు. నీరు నొక్కితే నొక్కుకుపోదు, సిలిండరులో నీరుండగా పిస్టను పైకొస్తే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజను వంచి, చేత్తో మెల్లగా తిప్పి నీరు కార్చాలి. లోపల గరగర వినిపిస్తే ఇసుక చేరినట్టే, అక్కడే ఆపి మొత్తం విప్పాలి. నునుపుగా తిరిగితే ఆయిలు చల్లి, ఇంధనం మార్చి, కొన్ని గంటల్లోపే నడపాలి, ఆ వేడికి మిగిలిన తడి పోతుంది. డీజిల్ ఇంజనైతే లోపలి ఆయిలు పాలెక్కువైన చాయ్ రంగులో వస్తుంది. ఆ రంగు పోయేదాకా రెండు మూడుసార్లు మార్చాల్సిందే.

చెక్కది ఇంకో స్వభావం. పూర్తిగా మునిగిన చెక్కకు బూజు పట్టదు, గాలి అందదు కనుక. తేమ 20 శాతానికి పైన ఉండి, గాలి కూడా తగిలినప్పుడే పుచ్చు మొదలవుతుంది. అలాగని మే నెల ఎండలో పడేస్తే పైపొర ముందు ఆరి కుంచించుకుని పగులుతుంది. నీడలో, గాలి ఆడేచోట, వారాల తరబడి ఆరనివ్వాలి. 1628లో స్టాక్‌హోం రేవులో మునిగిన వాసా ఓడను 1961లో తీశాక, చెక్క పగలకుండా 17 ఏళ్లు పాలిఇథిలీన్ గ్లైకాల్ చల్లారు. అయినా గంధకం వదల్లేదు. నగర మురుగు వల్ల నీటిలో పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడు శతాబ్దాల పాటు చెక్కలోకి ఇంకింది. గాలి తగిలి, మేకుల తుప్పు తోడై, అది సల్ఫ్యూరిక్ ఆమ్లమైంది. మూసీలో నాలుగు రోజులు మునిగిన పడవకు ఆ భయం లేదు. పుట్టి వెదురుకైతే నానడం కొంత మేలే, అందులోని పిండిపదార్థం కడుక్కుపోయి పురుగు తగ్గుతుంది. వెదురును నీళ్లలో నానేసి వాడే పాత అలవాటు వెనక ఉన్నది ఇదే.

ఫైబర్ పడవ పైకి ఏమీ కానట్టే ఉంటుంది. కానీ మోటారు బిగించే వెనక పలకలో చాలాసార్లు ప్లైవుడ్ ఉంటుంది, మరమేకుల రంధ్రాల గుండా నీరు అందులోకి చేరుతుంది. రూపాయి బిళ్లతో తడుతూ పోతే గట్టిచోట ఖంగుమంటుంది, తడిసినచోట మొద్దుగా పలుకుతుంది. తేలడానికి నింపిన ఫోము కూడా పాతబడితే నీరు పీల్చి ఊరుకుంటుంది, ఎన్ని ఎండలు కాసినా వదలదు. ఆరిందనుకున్నాక ట్రాక్టరు మీదికెక్కించి కాటా పెట్టించాలి. కొన్నప్పటి బరువు కంటే బాగా ఎక్కువ తూగితే డెక్కు కోసి ఆ ఫోము తీసెయ్యాల్సిందే. అది లోపల ఉండగా రంగు వేయించడం దండగ.