బోస్టన్‌లో తొలి రోజులు

చదువు కోసం పరదేశం చేరిన విద్యార్థికి మొదట ఎదురయ్యేవి పాఠాలు కావు. బస, భోజనం, చలి, చేతిలో డబ్బు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారికి ఇవన్నీ ఒక్కసారే ఎదురయ్యాయి.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. కవరైపేట్టై పిల్లలు రైలెక్కి చేరుకునే చెన్నైలోనే, ఆనాటి మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు అక్కడి ఆంగ్లేయ ఆచార్యునికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్.కు బదులు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆ తక్కువ పట్టా సముద్రం దాటినా ఆయనను వదలలేదు.

1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు గాని ఉపకారవేతనం లేదు. మామగారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ము ఎన్నాళ్ళు వస్తుంది? ఎల్.ఎం.ఎస్.తో అక్కడ వైద్యుడుగా పనిచేసే వీలు లేదు. అందుచేత ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడాయన! పగలు చదువు, రాత్రి ఈ పని.

ఇంత కష్టం దేనికి? ఆయన సోదరుడు పురుషోత్తం 'స్ప్రూ' అనే పేగుల వ్యాధితో మరణించాడు. ఉష్ణదేశాలలో కనిపించే ఆ వ్యాధికి మందు కనుగొనాలన్నదే ఆయన పట్టుదల. దాని చికిత్సకు ఉపకరించిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. ఆయన మాత్రం స్వదేశానికి తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు.