పచ్చ జాడీలో ఎర్ర ఇనుము

"పాత చైనా జాడీ ఒకటి చూశాను. టీ ఆకు దాచుకునేదట. ఆ లేతాకుపచ్చ రాగి చిలుమా? అందులో టీ పోసుకుంటే ప్రమాదం కాదా?" అని ఓ పాఠకురాలు అడిగారు. పచ్చగా కనిపిస్తే చిలుమనుకోవడం సహజమే. కానీ ఆ పచ్చదనం రాగిది కాదు, ఇనుముది. ఇటుకను ఎర్రగా చేసే ఇనుమే!

ఈ పాత్రలను సెలడాన్ అంటారు. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చువాన్ వీటికి పేరుమోసిన చోటు. సాంగ్, యువాన్ వంశాల కాలంలో ఓడలెక్కి దేశాలు తిరిగాయి. అక్కడి కాల్పు విద్యను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. చరిత్ర ఇంతటితో చాలు. అసలు తమాషా ఆవంలో ఉంది.

మెరుగుపూతలో ఇనుప ఆక్సైడు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు ఉంటే చాలు. ఆవంలోకి గాలి ధారాళంగా వస్తే పూత తేనె రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. అలా కాక కుమ్మరి గాలి దారులు బిగించి కట్టెలు దట్టించాడనుకోండి. మంటకు ఆక్సిజన్ చాలదు, కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. ఆకలి మీదున్న ఆ వాయువు ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుముకు ఒకటి తిరిగి దక్కుతుంది. అంతే, అది కాంతిలోని ఎరుపును మింగడం మొదలెడుతుంది. మనకు మిగిలేది నీలి పచ్చ. కిటికీ అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, ఆ ఛాయే! ఇదంతా 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో జరగాలి. ఏ సందులోంచో గాలి దూరిందా, ఒకే జాడీ ఓ పక్క పచ్చ, ఇంకో పక్క పసుపు.

జాడీని బోర్లిస్తే సాక్ష్యం దొరుకుతుంది. పూత పడని అడుగు అంచు తరచు ఎర్రగా ఉంటుంది. చల్లారేటప్పుడు గాలి తగిలి మట్టిలోని ఇనుము మళ్లీ ఎర్రబడింది. పూతలోని ఇనుము గాజుగా మారిన ఆ పూతలోనే చిక్కుకుని పచ్చగానే ఉండిపోయింది.

ఈ పచ్చ చాలామందిని బోల్తా కొట్టించింది. విషం తగిలితే సెలడాన్ పగులుతుందని, రంగు మారుతుందని పూర్వం పశ్చిమాసియాలోనూ మన దేశంలోనూ ప్రభువులు నమ్మారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ పాత్రలు చూసినప్పుడు ఆ ప్రభువుల భోజనాలు తలచుకోండి. అన్నంలోని విషానికి ఉలిక్కిపడే గుణం గాజుకు ఎక్కడిది? పాపం, పళ్లేన్ని నమ్ముకుని ముద్ద మింగారు!

ఇక టీ సంగతి. ఆకుకు పడనివి తేమ, వెలుతురు, పరాయి వాసన. గాజుపూత, మందపాటి గోడ, బిగుతైన మూత ఉన్న ఏ జాడీ అయినా ఆ మూడింటినీ ఆపుతుంది. రంగుతో పని లేదు. పాత జాడీకి అతుకులు, పైరంగులు ఉంటే మాత్రం అలమరలో పెట్టి చూసుకోండి. టీ పొడికి కొత్తది కొనుక్కోండి.