ఫిలిప్పీన్స్ కోడలు వచ్చే ముందు

గల్ఫ్‌లో మన సంఘపు అబ్బాయి ఫిలిప్పీన్స్ అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆమె కూడా విశ్వాసురాలే. అబిడ్స్‌లోనో నాంపల్లిలోనో చర్చిలో పెండ్లి ప్రకటన చదివిస్తే సరిపోతుందా?

సరిపోదు. పాస్టరుగారు ముందు 'సెనోమార్' అడగాలి. ఆమెకు పెండ్లి నమోదై లేదని అక్కడి ప్రభుత్వం ఇచ్చే పత్రమది. అపోస్టిల్ ముద్రతో తెప్పించండి. ఆ దేశంలో ముస్లిములకు తప్ప విడాకుల చట్టం లేదు. "భర్తతో విడిపోయాను" అన్నంత మాత్రాన చాలదు. అక్కడి కోర్టు ఆ వివాహాన్ని రద్దు చేయకపోతే ఆమె ఇంకా ఆయన భార్యే. ఇక్కడి పెండ్లి చెల్లదు, దాని మీద వీసా నిలవదు. మొహమాటం వద్దు. మన అబ్బాయినీ ఇదే అడగండి!

పెండ్లి రిజిస్టరయ్యాక భారతీయుని భార్యగా ఎంట్రీ వీసాకు దరఖాస్తు చేయాలి. అది 180 రోజులు దాటినదైతే, వచ్చిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో నమోదు తప్పదు. ఓసీఐ కార్డుకైతే పెండ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాలి.