తంగేడు మీద వలస జీవి

మొన్న ఊరికి పోతే మా చేను గట్టు మీద తంగేడు పొదల చుట్టూ తెల్లటి సీతాకోకచిలుకలు. వెతికితే పేరు దొరికింది: మాటిల్డ్ ఎమిగ్రెంట్. ఎమిగ్రెంట్ అంటే వలసపోయేది. అనంతపురం వాళ్ళకి ఆ మాట ఎవరూ వివరించక్కర్లేదు కదా!

తల్లి తంగేడు ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. పచ్చ గొంగళిపురుగు ఆ ఆకులే తిని, ప్యూపా అయి, మొత్తం మూడు నాలుగు వారాల్లో రెక్కలతో బయటికొస్తుంది. పెద్దయ్యాక పూలతేనె చాలు. మగవి తడిమట్టి మీద వాలి లవణాలు పీలుస్తాయి. వానలకి చిగుళ్ళొస్తే వీటి సంఖ్య పెరుగుతుంది, తర్వాత గుంపులుగా వేరేచోటికి ఎగిరిపోతాయి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని మన నేలలో తంగేడు ఎవరూ నీళ్ళు పోయకుండానే బతుకుతుంది. నాన్న గట్టు శుభ్రం చేయిస్తానంటే, నాలుగు పొదలు ఉంచమన్నాను. మళ్ళీ వచ్చేవాటికి గుడ్లు పెట్టే చోటుండాలి.