పెరటి కొబ్బరిలో పోషకలోపాలు: గుర్తింపు, చికిత్స, నివారణ

వ్యాససంగ్రహం: పెరటి కొబ్బరిచెట్లలో మట్టలు పసుపుబారడం, పిందెలు రాలడం, మొవ్వాకులు ముడుచుకుపోవడం తరచుగా కనిపిస్తాయి. వీటికి చాలాసార్లు పోషకలోపమే కారణం. అయితే ఏ పోషకం లోపించిందో నిర్ధారించుకోకుండా చేసే చికిత్స మేలుకు బదులు కీడు కలిగించవచ్చు. మట్ట వయస్సును బట్టి లోపాన్ని గుర్తించే పద్ధతినీ, చికిత్స మోతాదులనూ, ఫలితానికి పట్టే కాలాన్నీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కొబ్బరి, మొవ్వు, పొటాషియం, మెగ్నీషియం, బోరాన్, పచ్చిరొట్ట.

1. ఉపోద్ఘాతం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుగా భావిస్తారు. కాయ, ఆకు, పీచు, మాను అన్నీ కుటుంబానికి ఆధారమే. ఇటువంటి చెట్టుకు పెరిగే మొన ఒక్కటే ఉంటుంది, అదే మొవ్వు. మామిడి, వేప వంటి చెట్ల కొమ్మ విరిగితే మరొక కొమ్మ చిగురిస్తుంది. కొబ్బరికి ఆ అవకాశం లేదు. మొవ్వు చనిపోతే చెట్టు చనిపోయినట్లే. కాబట్టి పోషకలోపాన్ని అది మొవ్వును చేరకముందే గుర్తించడం అవసరం.

2. లోపాన్ని గుర్తించే విధానం

కాపుకు వచ్చిన ఆరోగ్యవంతమైన చెట్టు నెలకు సుమారు ఒక కొత్త మట్ట వేస్తుంది. తలలో ముప్పైకి పైగా మట్టలు ఉంటాయి. లోపం అడుగు మట్టల్లో కనిపించిందా, కొత్త మట్టల్లో కనిపించిందా అన్నదే నిర్ధారణలో మొదటి ప్రశ్న.

నత్రజని, పొటాషియం, మెగ్నీషియం చెట్టులో కదిలే పోషకాలు. ఇవి చాలనప్పుడు చెట్టు ముదురు మట్టల నుండి వాటిని తీసి లేత మట్టలకు అందిస్తుంది. అందువల్ల లక్షణాలు ముందుగా అడుగు మట్టల్లో కనిపిస్తాయి. నత్రజని లోపిస్తే మట్ట అంతా ఒకే తీరుగా పాలిపోతుంది. పొటాషియం లోపిస్తే ఆకులపై పసుపు, నారింజ రంగు చుక్కలు ఏర్పడి, కొనలు మాడిపోతాయి. మెగ్నీషియం లోపిస్తే ఆకుల అంచులు పసుపుపచ్చగా మారినా ఈనె వైపు భాగం ఆకుపచ్చగానే ఉంటుంది.

బోరాన్, మాంగనీసు, ఇనుము అంత సులభంగా కదలవు. వీటి లోపం లేత మట్టల్లోనే బయటపడుతుంది. బోరాన్ చాలనప్పుడు ఆకులు విడివడక అతుక్కొని ఉంటాయి, కొనలు కొక్కెంలా వంగుతాయి, మట్టలు పొట్టివవుతాయి, పిందెలు రాలిపోతాయి. నగరాల్లో ఇంటి నిర్మాణపు సున్నం, సిమెంటు కలిసిన మట్టిలో క్షారగుణం పెరగడం వల్ల, నేలలో ఇనుము, మాంగనీసు ఉన్నా వేళ్లకు అందవు. ఆవరణలలో అలంకారానికి పెంచే రాయల్ పామ్, అరెకా పామ్ చెట్లకూ ఈ సూత్రమే వర్తిస్తుంది.

3. తెగుళ్లతో పోలిక

పసుపు రంగు అంతా పోషకలోపం కాదు. మాను మొదట్లో ముదురు గోధుమరంగు ద్రవం కారుతూ అడుగు మట్టలు వేలాడితే గానోడెర్మా తెగులును అనుమానించాలి. మొవ్వాకు వాడి, లాగితే దుర్వాసనతో ఊడివస్తే అది మొవ్వుకుళ్లు. విచ్చిన ఆకులు కత్తిరించినట్లు త్రికోణాకారంగా తెగి ఉంటే అది కొమ్ముపురుగు పని. మురుగునీరు, ఉప్పునీరు నిలిచిన చోట వేళ్లు దెబ్బతిని చెట్టు పాలిపోతుంది. ఈ సందర్భాలలో ఎరువు పరిష్కారం కాదు.

4. చికిత్స

కాపుకాసే చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ ఇవ్వాలన్నది విస్తృతంగా పాటించే సిఫారసు. ఇది సుమారు 1.1 కిలోల యూరియా, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు సమానం. పొటాష్ మోతాదు నత్రజనికి రెట్టింపు కంటే ఎక్కువ కావడం గమనార్హం. పచ్చదనం కోసం యూరియా ఒక్కటే వేస్తే పెరుగుదల హెచ్చి పొటాషియం కొరత మరింత ముదురుతుంది. పొటాష్ మాత్రమే అధికంగా వేస్తే మెగ్నీషియం గ్రహణం తగ్గుతుంది. అందువల్ల మెగ్నీషియం లోపమున్న చెట్టుకు 500 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటును కూడా ఇస్తారు.

బోరాన్ లోపానికి పెద్ద చెట్టు పాదులో 50 గ్రాముల బోరాక్స్ వేస్తారు. బోరాన్ విషయంలో లోపానికీ విషప్రభావానికీ మధ్య అంతరం స్వల్పం. మోతాదు మించితే ఆకుల కొనలు, అంచులు మాడతాయి. బోరాక్స్‌ను మొవ్వులో పోయడం ప్రమాదకరం.

లోపంతో పసుపుబారిన అడుగు మట్టలను నరకడం సాధారణంగా జరిగే పొరపాటు. వాటిలో మిగిలిన పొటాషియమే పై మట్టలకు ఆధారం. వాటిని తొలగిస్తే లోపం పై వరుసకు పాకుతుంది. పూర్తిగా ఎండిన మట్టలను మాత్రమే తీసివేయాలి.

5. నివారణ

చురుకైన వేళ్లు ఎక్కువగా మాను చుట్టూ రెండు మీటర్లలోపు ఉంటాయి. కాబట్టి ఎరువును మాను మొదట్లో కుప్పగా పోయక, పాదు అంతటా చల్లి మట్టిలో కలిపి నీరు పెట్టాలి. ఇసుక నేలల్లో పొటాషియం, బోరాన్ నీటితో కొట్టుకుపోతాయి కనుక ఎరువును విడతలుగా వేయడం మేలు. మొక్క నాటిన మొదటి ఏడాది పూర్తి మోతాదులో పదోవంతు, రెండో ఏడాది మూడోవంతు, మూడో ఏడాది మూడింట రెండు వంతులు, నాలుగో ఏడాది నుండి పూర్తి మోతాదు ఇస్తారు.

పాదులో జీలుగ, జనుము పెంచి పూతదశలో కలియదున్నితే సేంద్రియ పదార్థం పెరుగుతుంది. కొబ్బరి డొక్కల్లో పొటాషియం అధికం. వాటిని కాల్చివేయక పాదులో పూడిస్తే పోషకంతో పాటు తేమా నిలుస్తుంది. మురుగు పోయే దారి కల్పించడం వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని.

6. ముగింపు

లోపం సోకిన మట్ట తిరిగి పచ్చబడదు. తరువాత వచ్చే మట్టలు మాత్రమే ఆరోగ్యంగా వస్తాయి. గెల మొగ్గ మాను లోపల రూపుదిద్దుకోవడం మొదలైన నాటి నుండి కాయ పండేవరకు మూడున్నర ఏళ్లకు పైగా పడుతుంది. ఈ ఏడాది వేసిన ఎరువు పూర్తి ఫలితం వెంటనే కాయల లెక్కలో కనిపించదు. ఒక ఏడాది ఎరువు వేసి, కాపు పెరగలేదని చెట్టును కొట్టివేయడం తొందరపాటు. కొత్త మట్టల రంగును, పొడవును ప్రతి ఏడాదీ పరిశీలించడమే చికిత్స సఫలమైందో లేదో తెలుసుకొనే నమ్మకమైన మార్గం.